‘ఇక్కడ కూగర్లు లేవు’ అని చెప్పే రాష్ట్రంలో మీకు కూగర్ కనిపిస్తే ఏం చేయాలి

మూడేళ్ల కిందట అక్టోబరులో, ఆకులు రంగు మారే వారంలో, రెండు కుటుంబాలం కలిసి ఒక సరస్సు పక్కన క్యాబిన్ తీసుకున్నాం. రెండో రోజు పొద్దున్నే టీ పెట్టడానికి లేచిన మా ఆవిడ కిటికీ దగ్గర నుంచి "ఏమండీ, ఒకసారి ఇలా రండి" అని పిలిచింది. గొంతు మామూలుగా లేదు. వెళ్లి చూస్తే మట్టిరోడ్డు దాటుతోంది ఒక జంతువు, లేత గోధుమ రంగు, కిందికి వేలాడి చివర మళ్లీ పైకి వంగిన పొడవాటి తోక. నాలుగు సెకన్లు, మహా అయితే ఐదు. నేను ఫోన్ తీసేసరికి చెట్ల మధ్య ఒక గోధుమ రంగు మరక మాత్రం మిగిలింది. ఆ మరకనే అక్కడి ప్రభుత్వ కార్యాలయం ఒకదానికి పంపాం. తొమ్మిది రోజులకి రెండు లైన్ల జవాబు వచ్చింది: ఈ ప్రాంతంలో మౌంటెన్ లయన్లు (అంటే కూగర్లు, అమెరికాలోని పెద్ద అడవి పిల్లులు) లేవు, మీరు చూసింది బాబ్‌క్యాట్ (పొట్టి తోక ఉండే చిన్న అడవి పిల్లి) గానీ జింక గానీ అయ్యుండొచ్చు.

చాలా కోపం వచ్చింది. రెండు మూరల తోకను కళ్లారా చూసిన మనిషికి, జానెడు తోక కూడా లేని బాబ్‌క్యాట్‌ను చూశావని చెబితే ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. కానీ తర్వాత ఈ విషయం గురించి చదువుతూ పోతుంటే మేం చేసిన తప్పు కూడా అర్థమైంది. ఆ రోజు వాన మధ్యాహ్నం పడింది. అంతకు ముందు దాదాపు ఆరు గంటల పాటు ఆ మెత్తటి రోడ్డు మీద అడుగులు అలాగే ఉండి ఉంటాయి. మేం ఆరుగురం పెద్దవాళ్లం, ఒక్కరం వెళ్లి చూడలేదు.

ఆ ఆరు గంటల గురించే ఇదంతా రాస్తున్నాను. అమెరికా తూర్పు, మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఉంటున్న మనవాళ్లు క్యాంపింగ్‌కి, హైకింగ్‌కి బాగా వెళ్తున్నారు. పైగా ఊరి చివర అడవిని ఆనుకున్న సబ్‌డివిజన్లలో ఇళ్లు కొంటున్నారు. మీకూ ఇలాంటి పొద్దు ఒకటి ఎదురుకావచ్చు.

ముందు, ‘లేవు’ అంటే వాళ్ల అర్థం ఏమిటి

ఇది తెలియకపోతే మిగతాదంతా వాదులాటే అవుతుంది. అధికారులు ‘లేవు’ అన్నప్పుడు చాలాసార్లు వాళ్ల అసలు మాట "సంతానం కంటూ స్థిరపడిన కూగర్ల జనాభా ఉన్నట్టు ఆధారం లేదు" అని. ఆ పెద్ద వాక్యం ఫోన్ ఎత్తిన ఉద్యోగి నోట్లోనో, టీవీ వార్తలోనో కుదించుకుపోయి "ఇక్కడ లేవు" అయిపోతుంది. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. దారిన పోయే ఒక మగ కూగర్ మీ రోడ్డు దాటినా వాళ్ల పెద్ద వాక్యం అబద్ధం కాదు. చిన్న వాక్యం మాత్రం అబద్ధమే.

ఇప్పుడు కాస్త చరిత్ర. కూగర్, ప్యూమా, మౌంటెన్ లయన్, పాంథర్ అన్నీ ఒకే జంతువు పేర్లు. ఒకప్పుడు అమెరికా అంతటా ఉండేది. వేట వల్ల, అడవులు నరకడం వల్ల తూర్పు సగంలో ఫ్లోరిడా మినహా అంతటా తుడిచిపెట్టుకుపోయింది. మిషిగన్‌లో చివరి అడవి కూగర్‌ను 1906లో న్యూబెర్రీ దగ్గర చంపారు. మిస్సోరీలో 1927లో. తూర్పు కూగర్‌కు సంబంధించిన చివరి నికరమైన ఆధారం 1938 నాటిది, మెయిన్ రాష్ట్రంలో పట్టుబడినది. 2011 మార్చిలో ఫెడరల్ వన్యప్రాణి సంస్థ తూర్పు కూగర్ అంతరించిపోయిందని తేల్చింది, 2018లో ప్రమాదంలో ఉన్న జీవుల జాబితా నుంచి దాని పేరు తీసేసింది.

ఆ 2011 ప్రకటన వచ్చి మూడు నెలలే అయింది. కనెక్టికట్‌లోని గ్రీనిచ్‌లో కూగర్ చూశామని జనం చెప్పసాగారు. ఎవరో పెంచుకుంటుంటే తప్పించుకున్నది అయ్యుంటుంది అన్నారు అధికారులు. జూన్ 11న మిల్‌ఫర్డ్ దగ్గర పార్క్‌వే మీద ఒక కారు గుద్ది అది చనిపోయింది. 140 పౌండ్ల మగది. గోళ్లు తీయించిన గుర్తు లేదు, ఒంట్లో చిప్ లేదు, అంటే ఎవరో పెంచుకున్న గుర్తులేవీ లేవు. డీఎన్ఏ పరీక్షిస్తే అది సౌత్ డకోటా బ్లాక్ హిల్స్‌లో పుట్టిందని తేలింది. 1500 మైళ్లకు పైగా నడిచి వచ్చింది! ఎందుకంటే కూగర్లలో పిల్ల ఏడాదిన్నర వయసుకు తల్లిని వదిలిపెడుతుంది. ఆడపిల్లలు ఎక్కువగా పుట్టినచోటి దగ్గర్లోనే సర్దుకుంటాయి. మగవి మాత్రం జత కోసం, సొంత చోటు కోసం వందల మైళ్లు వెళ్లిపోతాయి, దారిలో ఆడది దొరకకపోతే ఆగవు, నడుస్తూనే ఉంటాయి. అందుకే తూర్పున కనిపించేవి దాదాపుగా ఒంటరి కుర్ర మగవే.

ఆ మాట కూడా ఇప్పుడు మారుతోంది. మిషిగన్ సహజ వనరుల శాఖ 2008 నుంచి రాష్ట్రం ఉత్తర భాగమైన ఎగువ ద్వీపకల్పంలో వందకు పైగా కూగర్ ఆధారాలను నిర్ధారించింది, అందులో ఒకే జంతువు పలుమార్లు లెక్కలోకి వచ్చి ఉండొచ్చు. 2025 మార్చిలో ఆంటనాగన్ కౌంటీలో ఒక స్థానికుడికి రెండు కూగర్ కూనలు కనిపించాయి, ఫోటోలు తీశాడు, అధికారులు ఆ చోటికి వెళ్లి చూసి నిజమేనన్నారు. ఆ రాష్ట్రంలో కూనలు ఉన్నట్టు తేలడం వందేళ్ల పైన అదే మొదటిసారి. అంతకుముందు 2017లో లాన్సింగ్ పక్కనే బాత్ టౌన్‌షిప్‌లో ఒకటి ఫోటోకి చిక్కింది. ఎగువ ద్వీపకల్పం ఎక్కడో దూరం అనుకునేవాళ్లకు చెబుతున్నాను, లాన్సింగ్ అంటే డెట్రాయిట్ శివారు నోవై నుంచి గంట ప్రయాణం.

కనిపించిన క్షణంలో

ఆధారం తర్వాత. ముందు మనుషులు. కూగర్ మనిషి మీద పడటం చాలా అరుదు, అయినా పరుగెత్తే చిన్న పిల్ల దాని కంటికి వేటలాగే కనిపిస్తుంది. పరుగెత్తకండి. వంగకండి. పిల్లల్ని ఎత్తుకోండి, అదీ కిందికి వంగకుండా, దాని మీద నుంచి చూపు తీయకుండా. చేతులు పైకెత్తి, జాకెట్ విప్పి పట్టుకుని పెద్దగా కనిపించండి, గట్టిగా మాట్లాడండి, మెల్లగా వెనక్కి నడవండి. దానికి పారిపోయే దారి వదలండి. మీద పడితే మాత్రం చేతికి దొరికిన దానితో తిరగబడాలి, చచ్చినట్టు పడుకోకూడదు.

మీరు ఇంట్లోనో కారులోనో ఉంటే ఫోన్ తీయండి. ఫోటో కంటే వీడియో మేలు. జూమ్ చేస్తూ ఫోకస్ కోసం తంటాలు పడొద్దు, మామూలుగా తీయండి, ఫ్రేములో చెట్టు, స్తంభం, కంచె లాంటి కదలని వస్తువు ఒకటి ఉండేలా చూడండి. ఆ వస్తువు ఎందుకో కింద చెబుతాను.

మొదటి గంట

జంతువు వెళ్లిపోయాక చూసినవాళ్లంతా ఒకరితో ఒకరు మాట్లాడుకోక ముందే ఎవరికి వాళ్లు రాసుకోండి. ఇది చాలా ముఖ్యం. మా విషయంలో మేం పది నిమిషాలు అరుచుకున్నాక చూస్తే, నేను చూసిన చెవులేవో మా ఆవిడ చెప్పిన చెవులేవో నాకే తెలియలేదు. టైమ్, మీకూ దానికీ దూరం, వెలుగు ఎటునుంచి, ఎన్ని సెకన్లు, నడకా పరుగా, తోక ఎక్కడిదాకా, తోక కొన రంగు. చూడని వివరాన్ని ‘చూడలేదు’ అని రాయండి. అలా రాసిన కాగితాన్నే ఎవరైనా నమ్ముతారు.

పోల్చుకోవడానికి ఇవి గుర్తుంచుకోండి. పెద్ద కూగర్ ఒళ్లంతా ఒకే రంగు, పొట్ట కింద తెలుపు, చెవులు గుండ్రం, తోక రెండడుగుల నుంచి మూడడుగులు, కొన నలుపు. ఒంటి మీద మచ్చలు కూనలకే ఉంటాయి. బాబ్‌క్యాట్ దానిలో మూడో వంతు కూడా ఉండదు, చెవులు కొసదేలి ఉంటాయి, తోక మొండి. కాయోటీ (నక్కలాంటి జంతువు) మూతి సన్నగా పొడుగ్గా ఉంటుంది, తోక కుచ్చులా ఉంటుంది.

నల్లగా ఉంటే? ఇక్కడ నిష్టూరంగానే చెప్పాలి. ‘బ్లాక్ పాంథర్’ చూశామని చెప్పేవాళ్లు అమెరికాలో చాలామంది ఉన్నారు, కానీ నల్ల కూగర్ ఒక్కటి కూడా ఇంతవరకు శాస్త్రీయంగా నిర్ధారణ కాలేదు. నల్లవి ఉండేది చిరుతల్లో, జాగ్వార్లలో. మీరు చూసింది నల్లటిదైతే పెద్ద పెంపుడు పిల్లి కావచ్చు, నీడలో నిలబడ్డ మరేదో కావచ్చు. మన చిన్నప్పటి ‘నాన్నా పులి’ కథలో జరిగిందే ఇక్కడా జరుగుతోంది: వంద నల్ల పులుల ఫోన్లు విన్న ఉద్యోగి నూట ఒకటో ఫోన్‌లో నిజం చెప్పినా వినే ఓపికతో ఉండడు.

అడుగుజాడలు

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ దీని మీదే పెట్టండి, ఎందుకంటే మామూలు మనిషి చేతనయ్యే పనుల్లో బలమైన ఆధారం ఇదే. జంతువు వెళ్లిపోయిందని గట్టిగా అనిపించాక, పగటి వెలుగులో, ఇద్దరు పెద్దవాళ్లు కలిసి వెళ్లండి. పిల్లలు వద్దు, కుక్క అసలే వద్దు, దాని అడుగులు కలిస్తే మొత్తం పోయినట్టే. జంతువు నడిచిన గీత మీద కాకుండా పక్కగా నడవండి.

కూగర్ అడుగు సుమారు బెత్తెడు వెడల్పు, ఏడున్నర నుంచి తొమ్మిది సెంటీమీటర్లు. నాలుగు వేళ్లు, సాధారణంగా గోళ్ల గుర్తులు ఉండవు, నడిచేటప్పుడు పిల్లి జాతి గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కదా. వేళ్లు ఒక పక్కకు ఒరిగినట్టు, మన చేతి వేళ్లలాగే ఒకటి ముందుకు వచ్చి ఉంటాయి. వెనక మెత్త చాలా పెద్దది, దాని వెనక అంచున మూడు బుడిపెలు. కుక్క అడుగు ఎడమా కుడీ సమంగా ఉంటుంది, వేళ్ల మధ్య ఖాళీలో ఇంటూ గుర్తు గీయొచ్చు, గోళ్లు కనిపిస్తాయి. గోళ్లు లేవు కాబట్టి కూగరే అనెయ్యకండి, గట్టి నేల మీద కుక్క గోళ్లు కూడా పడవు. బాబ్‌క్యాట్ అడుగు చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ ఐదు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఎండకు కరిగిన మంచులో ఆ ఐదే ఎనిమిదయి కూర్చుంటుంది, అందుకని మంచులో దొరికిన అడుగు అంచులు పదునుగా ఉన్నాయా లేదా ముందు చూడండి.

ఫోటో తీసేటప్పుడు అడుగు పక్కన స్కేలు పెట్టండి. లేకపోతే డాలర్ నోటు, దాని పొడవు 15.6 సెంటీమీటర్లు. బూటు పెట్టొద్దు, మీ బూటు ఎంతో వాళ్లకు తెలియదు. ఫోన్ నేలకు సమాంతరంగా, సరిగ్గా పైనుంచి. ఏటవాలుగా తీస్తే కొలత తప్పుతుంది. తర్వాత పక్కకు వంగి, వెలుతురు అడ్డంగా పడేలా ఇంకొకటి. ఒక్క అడుగుతో ఆగకండి, వరసగా నాలుగైదు తీసి ఒక అడుగుకీ ఇంకోదానికీ మధ్య దూరం కూడా కొలవండి. అయ్యాక బాగా పడిన అడుగు మీద బకెట్టో, ప్లాస్టిక్ డబ్బానో బోర్లించి రాయి పెట్టండి. వాన నుంచి మా అడుగుల్ని అదొక్కటీ కాపాడి ఉండేది.

దగ్గర్లో హార్డ్‌వేర్ షాపు ఉంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తెచ్చి మట్టిలో అచ్చు తీయొచ్చు. పెరుగు చిలికినంత పలచగా కలిపి, అడుగు పక్కన పోసి లోపలికి పారనివ్వండి, నేరుగా మీద పోస్తే ముద్ర చెదురుతుంది. మంచులో ఆ పని చేయొద్దు, ప్లాస్టర్ గట్టిపడుతూ వేడెక్కి ముద్రనే కరిగించేస్తుంది. ఎలాగైనా ఫోటోలు అయ్యాకే అచ్చు.

ఇంకొక మాట, మనవాళ్లకు ప్రత్యేకంగా. అడుగుల వెంట పోతూ పోతూ పక్కవాళ్ల స్థలంలోకి వెళ్లకండి. ఇక్కడ ‘నో ట్రెస్‌పాసింగ్’ బోర్డు అంటే ఆషామాషీ కాదు, అక్టోబరు నవంబరుల్లో వేటగాళ్లు తుపాకులతో ఉంటారు. ఆరెంజ్ రంగు బట్టలు వేసుకోండి, స్థలం యజమాని తలుపు కొట్టి అడగండి.

వెంట్రుకలు, మలం, చచ్చిన జింక

డీఎన్ఏ దొరికితే వాదన అక్కడితో ఆగిపోతుంది. 2008 జనవరిలో విస్కాన్సిన్‌లోని మిల్టన్ దగ్గర ఒక కూగర్ గాయపడిన కాలితో నడిచి మంచు మీద రక్తపు చుక్కలు వదిలింది, ఎవరో వాటిని సేకరించారు. ఏప్రిల్‌లో షికాగో నగరంలో పోలీసులు ఒక కూగర్‌ను కాల్చి చంపితే ఆ రక్తం, ఈ జంతువు ఒకటేనని తేలింది.

కంచె ముల్లుకో, చెట్టు బెరడుకో వెంట్రుకలు ఉంటే చేతితో ముట్టకుండా గ్లౌజు వేసుకుని పట్టకారుతో తీసి కాగితం కవరులో పెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, తేమ పట్టి డీఎన్ఏ పాడవుతుంది. మలం కూడా అంతే, కాగితం సంచిలో. కవరు మీద తేదీ, టైమ్, ఫోన్ మ్యాప్ చూపించిన అక్షాంశ రేఖాంశాలు, సేకరించిన వాళ్ల పేరు రాయండి.

జింక కళేబరం కనిపిస్తే మాత్రం ఆగండి. ఆకులు, మట్టి, కొమ్మలు దాని మీద కప్పి ఉన్నాయా? గొంతు దగ్గర పళ్ల గాట్లు, పక్కటెముకల వెనక నుంచి తినడం మొదలుపెట్టినట్టు ఉందా? అయితే అది కూగర్ దాచుకున్న తిండి కావచ్చు, అది మళ్లీ వస్తుంది, ఇప్పుడే దగ్గర్లో పడుకుని ఉండొచ్చు కూడా. దూరం నుంచి రెండు ఫోటోలు తీసి వచ్చేయండి. ఫోన్ చేసి అధికారులకు చెప్పండి, గాట్ల దగ్గర లాలాజలం నమూనా తీయడం వాళ్ల పని.

కెమెరాలు

మీ పెరట్లోనో, అనుమతి ఉన్న స్థలంలోనో ట్రైల్ కెమెరా (జంతువు కదిలితే దానంతట అదే ఫోటో తీసేది) పెడితే మోకాలి కంటే కాస్త పైన, జంతువు నడిచే దారికి ఏటవాలుగా కట్టండి. మాంసం ఎర పెట్టొద్దు, కూగర్ కంటే ముందు ఎలుగుబంటి వస్తుంది, కూగర్‌కి మనుషుల ఇళ్ల దగ్గర తిండి అలవాటు చేయడం దాని ప్రాణానికే చేటు.

డోర్‌బెల్ కెమెరాలో రాత్రి కనిపించి వాట్సాప్ గ్రూపులో "సబ్‌డివిజన్‌లో సింహం, పిల్లల్ని బయటికి పంపొద్దు" అని తిరిగే వీడియోల్లో చాలావరకు లెన్స్‌కి దగ్గరగా వచ్చిన పెంపుడు పిల్లులే. ఎలా తేల్చాలి? అదే కెమెరా, అదే ఎత్తు, జంతువు నిలబడిన అదే చోట ఒక గజం కర్ర నిలబెట్టి మళ్లీ ఫోటో తీయండి. రెండూ పక్కపక్కన పెడితే భుజం ఎత్తు ఎంతో తెలిసిపోతుంది. ఫ్రేములో కదలని వస్తువు ఉండాలన్నది ఇందుకే. అధికారులు వచ్చినా చేసేది ఇదే: ఫోటోలోని చెట్టు నిజంగా అక్కడ ఉందా, దాని పక్కన జంతువు ఎంత ఎత్తు వస్తుంది అని. ఎక్కడో కొలరాడోలో తీసిన ఫోటోను మా పెరట్లో తీశామని పంపేవాళ్ల వల్ల వాళ్లకు ఈ పని తప్పడం లేదు.

అసలు ఫైలును అలాగే ఉంచండి. వాట్సాప్‌లో పంపితే ఫోటో కుంచించుకుపోతుంది, తీసిన టైమ్, చోటు వివరాలు ఊడిపోతాయి. మెమరీ కార్డు తీసి పక్కన పెట్టి కొత్తది వేయండి. క్రాప్ చేయడం, రంగు పెంచడం, ఏఐ యాప్‌తో ‘క్లియర్’ చేయడం ఏదీ వద్దు. ఏఐ గీసిన తోక ఉన్న ఫోటో ఎందుకూ పనికిరాదు.

ఎవరికి, ఎలా చెప్పాలి

48 గంటలు దాటనివ్వకండి. రాష్ట్ర వన్యప్రాణి శాఖ వెబ్‌సైట్‌లో ఫారం ఉంటుంది. మిషిగన్‌లో దాన్ని ‘ఐస్ ఇన్ ది ఫీల్డ్’ అంటారు. మిస్సోరీలో 1996 నుంచి ఇందుకోసమే ఒక ప్రత్యేక బృందం ఉంది. ఫారం నింపాక ఆ కౌంటీ చూసే వన్యప్రాణి జీవశాస్త్రవేత్తకు నేరుగా ఈమెయిల్ పంపండి, ఫోన్ కూడా చేయండి. "నేను కూగర్ చూశాను" అని మొదలుపెట్టకుండా "ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు, గోళ్లు లేని అడుగులు ఐదు ఉన్నాయి, వాటిని కప్పి ఉంచాను, రేపు వాన ఉంది, ఎవరైనా రాగలరా" అని అడగండి. ఈ రెండు మాటలకీ వచ్చే స్పందన పూర్తిగా వేరు.

"మనం వీసా మీద ఉన్నాం, ఎందుకొచ్చిన గొడవ" అని ఒక మిత్రుడు నాతో అన్నాడు. ఆ ఫారంలో వీసా ప్రశ్న ఉండదు. జంతువును చూశానని చెప్పడం నేరం కాదు. చంపితే మాత్రం నేరం, మిషిగన్‌లో కూగర్ రాష్ట్ర రక్షిత జంతువు, ఇల్లినాయిలో 2015 నుంచి రక్షణ ఉంది.

‘కాదు’ అన్నాక

అరవకండి. అధికారులు రహస్యంగా కూగర్లను తెచ్చి వదులుతున్నారు, జింకల్ని తగ్గించడానికి ఇన్సూరెన్స్ కంపెనీలు డబ్బిస్తున్నాయి లాంటి మాటలు ప్రతి రాష్ట్రంలోనూ తిరుగుతాయి. వాటికి ఆధారం లేదు, వాటిని మీ ఈమెయిల్‌లో ఒక్క వాక్యం రాసినా మీ మంచి ఆధారం కూడా చెత్తబుట్టలోకి పోతుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అని వాళ్లు అంటున్నారని మనకు అనిపిస్తుంది, వాళ్లకూ మన గురించి అదే అనిపిస్తుంది.

అడగాల్సినవి మూడే. నా ఆధారాన్ని ఏ వర్గంలో పెట్టారు, నిర్ధారణ కాలేదనా, వేరే జంతువనా? వేరే జంతువైతే ఏ కొలతను బట్టి? ‘లేవు’ అంటే సంతానం కనే జనాభా లేదనా, ఒక్కటి కూడా లేదనా? రాతపూర్వకంగా అడగండి. మా రెండు లైన్ల జవాబుకు నేను మూడో ప్రశ్న ఒక్కటే తిరిగి పంపాను. ఈసారి వచ్చిన జవాబు మర్యాదగా, పొడవుగా ఉంది: దారిన పోయేవి అప్పుడప్పుడు రావచ్చు, మీ ఫోటోతో ఏదీ తేల్చలేం అని. అది న్యాయమైన జవాబే. మొదటిరోజే ఆ మాట అని ఉంటే మా ఆవిడ ఇన్నాళ్లు బాధపడేది కాదు.

జవాబే రాకపోతే, మన సమాచార హక్కు చట్టం లాంటిది ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. మిషిగన్‌లో ఐదు పని దినాల్లో స్పందించాలి, గడువు పొడిగించుకునే వీలు వాళ్లకు ఉంటుంది. మీ కౌంటీలో గత ఐదేళ్లలో వచ్చిన కూగర్ ఫిర్యాదులు, వాటిపై తీసుకున్న నిర్ణయాలు ఇమ్మని అడగండి. మీ రోడ్డుకు నాలుగు మైళ్ల దూరంలో అదే వారం ఇంకొకరు కూడా రాసి ఉండొచ్చు.

కచ్చితమైన చోటు మాత్రం బయట పెట్టకండి. ఫేస్‌బుక్‌లో మ్యాప్ పిన్ పెడితే శనివారానికల్లా తుపాకులతో జనం వస్తారు. కౌంటీ పేరు చాలు.

‘తేల్చలేం’ అన్న ఫైలును పారేయకండి. కవర్లు పొడిగా, చల్లగా ఉన్న చోట దాచండి, ఒరిజినల్ ఫోటోలు రెండు చోట్ల పెట్టండి. మిల్‌ఫర్డ్ రోడ్డు మీద చనిపోయిన ఆ కూగర్ ఏ దారిన వచ్చిందో చెప్పగలిగారంటే, అంతకు ముందు ఏడాదిన్నరగా మిన్నెసోటా, విస్కాన్సిన్ మంచులో ఎవరెవరో సేకరించి పెట్టిన నమూనాల డీఎన్ఏ దానితో సరిపోయింది కాబట్టి. 2010 డిసెంబరులో న్యూయార్క్‌లోని లేక్ జార్జ్ దగ్గర ఒక ఇంటి వెనక కనిపించిందంటే, మంచులో జాడ పట్టుకుని వెళ్లి ఏరిన నాలుగు వెంట్రుకలు కూడా దానివే.

మేం ఈ అక్టోబరులో మళ్లీ అదే క్యాబిన్‌కి వెళ్తున్నాం. కారు డిక్కీలో స్కేలు, గ్లౌజులు, కాగితం కవర్లు, రెండు బకెట్లు ఇప్పుడే పెట్టేశాను.